ఫైబర్ గుమ్మటం, మినార్ల సెట్టు: డెల్టా పట్టణాల్లో కొనే ముందు

పనస తొనల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి లారీలో వచ్చే ఎనిమిది ఫైబర్ ముక్కలు. రెండు రోజుల బిగింపు. మూడో రోజు పొద్దుటికల్లా మసీదు నెత్తిన ఆకుపచ్చ గుమ్మటం. పాత పెంకుల మసీదు తీసేసి అదే స్థలంలో రెండంతస్తులు లేపుతున్న కమిటీల ముందుకు వచ్చే కొటేషన్లలో ఈ రెడీమేడ్ సెట్టుది ఒకటి తప్పకుండా ఉంటోంది. భీమవరంలోనో, తణుకులోనో, అమలాపురంలోనో చుట్టూ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాక సందులోని మసీదు వీధి మొదటి నుంచి కనపడదు. కనపడాలన్న కోరిక న్యాయమైనదే. దానికి ఈ సెట్టు సరైన మందా కాదా అన్నదే ఇక్కడ చూస్తున్నాం.

సెట్టు అంటే మామూలుగా 12 అడుగుల వ్యాసం గుమ్మటం ఒకటి, 20 అడుగుల మినార్లు రెండో నాలుగో, పిట్టగోడ మీద వరసగా పెట్టే కంగూరాలు (కోటగోడ పళ్లలాంటి అలంకారాలు), పైన చంద్రవంకలు. కొందరు సప్లయర్లు వీటితో పాటు మసీదు ప్లాను కూడా ఉచితంగా గీసిస్తామంటారు. ముందే తేల్చి చెప్పాలంటే గుమ్మటం కొనవచ్చు, మినార్లు లెక్క చూసుకున్నాకే కొనాలి, ఆ ఉచిత ప్లాను మాత్రం వద్దు.

మంచి మాటతో మొదలుపెడదాం. బరువు విషయంలో ఫైబర్‌కు సాటి లేదు. 12 అడుగుల అర్ధగోళం ఉపరితలం దాదాపు 21 చదరపు మీటర్లు. దాన్ని 4 అంగుళాల మందాన కాంక్రీటుతో పోస్తే 5 టన్నులు దాటుతుంది. 4 మి.మీ. ఫైబర్ తొడుగైతే 135 కిలోలు, లోపలి ఇనుప చట్రం కలిపినా 200 కిలోల చుట్టుపక్కలే. మినారు సంగతీ అంతే. 20 అడుగుల ఎత్తు, 4 అడుగుల వ్యాసంతో 9 అంగుళాల ఇటుక గోడ గుండ్రంగా కడితే 8 టన్నులు. ఫైబర్‌ది నడిమి ఇనుప స్తంభంతో సహా 300, 400 కిలోలు.

ఈ తేడా ఎక్కడైనా లాభమే. డెల్టాలో మాత్రం అవసరం కూడా. ఇక్కడ పైన నల్లరేగడి, కింద మెత్తటి బంకమట్టి, ఎక్కడో లోతున ఇసుక. నాలుగైదు అడుగులు తవ్వితే నీళ్లూరే చోట్లు కొల్లలు. పాత మసీదులకు మూలల్లో ఇటుక మినార్లు కట్టినప్పుడు ఎక్కువగా జరిగే తప్పొకటుంది. హాలు గోడ పునాది ఒక లోతున, మినారు పునాది విడిగా ఇంకో లోతున వేస్తారు. అంత చిన్న చోట 8 టన్నులు పడేసరికి మినారు కింద మట్టి హాలు కిందకంటే ఎక్కువ అణుగుతుంది. రెండు మూడు వానాకాలాలకు మినారూ గోడా కలిసే చోట పైన వెడల్పుగా, కింద సన్నగా పగులు తేలుతుంది. దాన్ని సిమెంటుతో ఎన్నిసార్లు పూడ్చినా మళ్లీ విచ్చుకుంటుంది, ఎందుకంటే జబ్బు గోడలో లేదు, మట్టిలో ఉంది. ఫైబర్ మినారుతో ఈ బాధ ఉండదు.

సేల్స్‌మన్ చెప్పేది ఇంతవరకే. బరువు తగ్గింది కానీ గాలికి ఎదురు నిలిచే వెడల్పు అంగుళం కూడా తగ్గలేదన్నది అతని బ్రోషరులో ఉండదు.

గాలి లెక్కలకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015 నాటిది. దాని ప్రకారం ఆంధ్ర తీరానికి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వేగంతోనే గుణించి 0.6తో హెచ్చవేస్తే ఒత్తిడి వస్తుంది. చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, మన వాడుకలో సుమారు 150 కిలోలు. ఇప్పుడు ఆ 20 అడుగుల మినారును తీసుకోండి. గాలికి ఎదురయ్యే ముఖం 7.4 చదరపు మీటర్లు. గుండ్రటి ఆకారం గాలిని పక్కలకు జారుస్తుంది కాబట్టి 0.7 గుణకం వేసినా 800 కిలోల తోపుడు తేలుతుంది. మినారు సొంత బరువుకు ఇది రెట్టింపు. మధ్యలో బాల్కనీ చుట్లు, చెక్కుడు నగిషీలు ఉంటే ఇంకా పెరుగుతుంది.

ఆ 800 కిలోలు నడిమి ఎత్తులో, అంటే 10 అడుగుల దగ్గర నెడుతున్నాయనుకోండి. అడుగున నాలుగు బోల్టులు 3 అడుగుల ఎడంలో చదరంగా ఉంటే, గాలి వచ్చే వైపున్న రెండు బోల్టుల్లో ఒక్కోదాన్ని 1300 కిలోల పైచిలుకు బలం పైకి లాగుతుంది. ఆ బోల్టు దేంట్లో దిగిందన్నదే ఇక అసలు ప్రశ్న. 20 మి.మీ. కెమికల్ యాంకర్‌కు, అంటే డ్రిల్లు కన్నంలో జిగురు మందుతో అతికించే బోల్టుకు, 170 మి.మీ. లోతు మామూలుగా కావాలి. మన స్లాబు మందం 5 అంగుళాలు, అంటే 125 మి.మీ. లెక్క అక్కడే తప్పుతోంది. పిట్టగోడ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగంగుళాల ఇటుక గోడకు డ్రిల్లు కొట్టి బిగించిన మినారు పెద్ద గాలికి ఆ గోడ ముక్కతో సహా వస్తుంది. మినారు ఎప్పుడూ కాలమ్ తల మీదే కూర్చోవాలి. కొత్త కట్టడమైతే కాలమ్ చువ్వల్ని కోసెయ్యకుండా పైకి వదిలి, బేస్ ప్లేటు బోల్టుల్ని కాంక్రీటు పోసేటప్పుడే టెంప్లేటుతో నిలబెట్టించాలి. పోత అయ్యాక డ్రిల్లు కొట్టడం రెండో రకం పని.

గుమ్మటానిది ఇంకో రకం చిక్కు. గాలి దాన్ని పక్కకు నెట్టేదానికంటే పైకి పీల్చేది ఎక్కువ. 12 అడుగుల గుమ్మటం మీద ఆ పీల్చుడు టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది, దాని బరువేమో 200 కిలోలు. దుప్పటి ఎగిరినట్టు ఎగరాలి, ఎగరకుండా పట్టేవి అడుగు చుట్టూ ఉన్న బోల్టులు మాత్రమే. చుట్టూ కనీసం 16 చోట్ల పట్టు ఉండాలి. అవి స్లాబుకు కాదు, గుమ్మటం కింద పోసిన గుండ్రటి రింగ్ బీమ్‌కు దిగాలి.

కోనసీమ వాళ్లకు 1996 నవంబరు గురించి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. ఆ తుఫానుకు కొబ్బరి చెట్లే నడిమికి విరిగిపోయాయి. ఇదే ప్రమాణం తీరానికి 60 కిలోమీటర్ల లోపు ప్రాంతానికి తుఫాను గుణకం ఒకటి పెట్టింది. మామూలు కట్టడానికి అది 1.0 మాత్రమే కానీ, తుఫాను తర్వాత అక్కరకొచ్చే కట్టడమైతే 1.3. వరదొస్తే చుట్టుపక్కల వాళ్లు మసీదు పై అంతస్తుకు చేరడం డెల్టాలో మామూలు సంగతే కాబట్టి, డిజైనరును ఈ 1.3 సంగతి అడగడంలో తప్పులేదు. గాలి వేగం 1.3 రెట్లయితే ఒత్తిడి దాదాపు 1.7 రెట్లవుతుంది. బోల్టు, ప్లేటు, వెల్డింగు అన్నీ ఆ మేరకు మారతాయి. ఈ లెక్క కాగితం మీద చూపించి, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో ఇవ్వలేని సప్లయరు దగ్గర మినారు కొనకండి. గుమ్మటం కూడా వద్దు.

సరుకు నాణ్యత దగ్గరికొద్దాం. కంటికి అన్ని ఫైబర్ గుమ్మటాలూ కొత్తలో ఒకేలా నిగనిగలాడతాయి. తేడా అయిదో ఏట తెలుస్తుంది. పై రంగు పొరను జెల్‌కోట్ అంటారు, అది 0.4 నుంచి 0.5 మి.మీ. ఉండాలి. దాని వెనక గాజునార చాపను రెజిన్‌తో తడిపి పొరలు వేస్తారు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే చాప ఒక్కో పొర దగ్గరదగ్గర 1 మి.మీ. అవుతుంది కాబట్టి 4 మి.మీ. కావాలంటే నాలుగు పొరలు. ఎక్కడ కక్కుర్తి పడతారంటే, అంచుల్లో నాలుగు వేసి నడుమ రెండే వేస్తారు, ఎందుకంటే కొనేవాళ్లు మందం కొలిచేది అంచు దగ్గరే. అందుకే ముక్కల్ని కాటాకు పెట్టించండి. పొరలు ఎగ్గొట్టిన సంగతి బరువు చెప్పేస్తుంది. ధర కంటే ముందు బరువు అడగండి. రెండు కొటేషన్లను పోల్చాలన్నా కిలోల్లోనే పోల్చాలి.

రెజిన్ రెండు రకాలు. జనరల్ పర్పస్ అని పిలిచే ఆర్థో రకం చవక, దీన్ని నీళ్లూ ఉప్పుగాలీ త్వరగా తినేస్తాయి. ఐసో రకం ఖరీదెక్కువ, తీరప్రాంతానికి అదే సరి. జెల్‌కోట్‌లో ఎండను తట్టుకునే యూవీ మందు కలపకపోతే రంగు పిండిలా రాలుతుంది, చెయ్యి రాస్తే అరచేతికి ఆకుపచ్చ సుద్ద అంటుతుంది. ఆ తర్వాతి దశలో గాజునార పైకి తేలి ఒంటికి తగిలితే దురద పెడుతుంది. ముదురు రంగులు త్వరగా వెలిసిపోతాయి. మదీనాలో ప్రవక్త సమాధి మీది గుమ్మటానికి ఆకుపచ్చ వేసింది 1837లో. అంతకు ముందు దానికి వేరే రంగులుండేవి కాబట్టి తెల్లటి గుమ్మటం వేసుకుంటే తక్కువేమీ కాదు, లోపల వేడి కూడా తగ్గుతుంది.

డెలివరీ రోజున చేయగల పరీక్షలు రెండున్నాయి, రెండూ అయిదు నిమిషాల పని. అసిటోన్‌లో దూది తడిపి లోపలి ముఖం మీద ఓ అర నిమిషం రుద్దండి. జిగురుగా అంటుకుంటే రెజిన్ సరిగా గట్టిపడలేదు, హార్డెనర్ తగ్గించారు. తర్వాత రూపాయి బిళ్లతో చదరపు అడుగుకొకసారి తట్టుకుంటూ పొండి. టంగుమనకుండా బొద్దుగా పలికిన చోట పొరల మధ్య గాలి బుడగ ఉంది. అక్కడే ముందు ముందు నీరు చేరి ఉబ్బుతుంది.

ఫైబర్ తుప్పు పట్టదని అమ్ముతారు, నిజమే. కానీ లోపలున్న చట్రం ఇనుమే కదా. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి రెడాక్సైడ్ పూసిన ఇనుప గొట్టం ఎంతకాలం ఆగుతుందో అక్కడి కిటికీ ఊచల్ని చూస్తే తెలుస్తుంది. గొట్టాలన్నీ కోత, వెల్డింగు అయ్యాక వేడి జింకు తొట్టెలో ముంచి తీయించాలి. పూత 85 మైక్రాన్లు ఉండాలి, తర్వాత సైట్‌లో వెల్డింగు పెట్టకూడదు, అన్నీ బోల్టులే. జింకు పూసిన గొట్టానికి సైట్‌లో వెల్డింగు పెడితే ఆ కాలిన చోటి నుంచే తుప్పు మొదలవుతుంది. తొనల్ని కలిపే బోల్టులు స్టెయిన్‌లెస్ 316 రకం కావాలి. అతుకుల్లో పాలీయురథేన్ సీలెంటు వాడాలి. అక్వేరియం అతికించే మామూలు సిలికాన్ వాడితే రెండేళ్లకు ఊడి, ఆ అతుకు లోంచి మొదటి సఫ్ (నమాజు వరుస) మీద వాన చుక్కలు పడతాయి.

పిడుగు సంగతి చాలామందికి గుర్తుండదు. చుట్టుపక్కల ఎత్తైనది మినారే, దాని కొన మీద ఇత్తడిదో స్టీలుదో చంద్రవంక. ఫైబర్‌లో కరెంటు పారదు. చంద్రవంక నుంచి నేల దాకా 25 × 3 మి.మీ. పట్టీ దించకపోతే పిడుగు తన దారి తనే చేసుకుంటుంది, ఆ దారిలో ఫైబర్ చిల్లిపడుతుంది, మైకు వైర్లు కాలతాయి. ఎర్త్ గుంత నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉండాలి. తడి నేల కాబట్టి ఇక్కడ అది కష్టం కాదు, డెల్టా మట్టి చేసే మేలు ఇదొక్కటే. అజాన్ హారన్లను ఫైబర్ తొడుగుకు బిగించవద్దు. ఆ అదురుకు బోల్టు కన్నం చుట్టూ సాలెగూడులా పగుళ్లొస్తాయి. లోపలి ఇనుప స్తంభానికే బిగించాలి. అడుగున నీళ్లు పోయే కన్నం, మనిషి దూరే చిన్న తలుపు, పావురాలు రాకుండా జాలీ అడగాలి. అడక్కపోతే ఇవ్వరు.

గుమ్మటం కింద స్లాబు తెరిచి ఉంచాలా మూసెయ్యాలా అన్నది పెద్ద ప్రశ్న. పాత స్లాబైతే ఆలోచించే పనే లేదు, కొయ్యకండి. 12 అడుగుల గుండ్రం కోస్తే చువ్వలన్నీ తెగి, మిగిలిన స్లాబు తన బరువే మోయలేక కుంగుతుంది. కొయ్యకుండా వదిలితే గుమ్మటం పైన పెట్టిన టోపీ మాత్రమే, లోపల నిలబడ్డవాళ్లకు అదున్నట్టే తెలియదు. కొత్త కట్టడంలో రింగ్ బీమ్ ముందే పోసి తెరిచి ఉంచితే గుమ్మటానికి ఒక పని దొరుకుతుంది. గుమ్మటం అడుగు భాగంలో చుట్టూ కిటికీ రెక్కలు పెట్టి పిట్టల జాలీ కొట్టిస్తే హాల్లోని వేడిగాలి పైకెక్కి అటుగా పోతుంది. రెక్కలు లేకుండా మూసేస్తే మాత్రం అది పొయ్యి మూకుడు బోర్లించినట్టే. 4 మి.మీ. ఫైబర్ ఎండను ఏమాత్రం ఆపదు. లోపలి వైపు 50 మి.మీ. ఫోమ్ పొర కావాలి. ఆ పొర ఉంటే ఇంకో లాభం ఉంది. అది లేని గుమ్మటం మీద ఆషాఢం వాన పడితే డప్పు మీద పడ్డట్టే, ఇమాం గారి ఖిరాత్ (ఖురాన్ పఠనం) మూడో వరుసకు వినపడదు.

ప్రతిధ్వని భయం మాత్రం చిన్న గుమ్మటానికి అంతగా లేదు. 6 అడుగుల వ్యాసార్ధమున్న అర్ధగోళం శబ్దాన్ని తన అడుగు మట్టంలో, అంటే 13, 14 అడుగుల ఎత్తులో పోగేస్తుంది. అక్కడ తలలుండవు. హాలంతా కప్పేలా పళ్లెం బోర్లించినట్టు చదునుగా చేసిన పెద్ద గుమ్మటాలతోనే ఇబ్బంది. వాటి కేంద్రం సరిగ్గా మనుషుల చెవుల దగ్గరకు దిగుతుంది.

ఉచిత ప్లాను వద్దన్నది ఎందుకో ఇప్పుడు చెప్పాలి. ఈ ప్లాన్లు అచ్చులో పోసినట్టుంటాయి. తూర్పున గుమ్మం, పడమర గోడ నడుమ మెహరాబ్ (ఇమాం నిలబడే గూడు), నాలుగు మూలలా మినార్లు. డెల్టాలో ఖిబ్లా, అంటే నమాజుకు తిరిగే మక్కాలోని కాబా దిక్కు, సరిగ్గా పడమర కాదు. రాజమండ్రి, కాకినాడ, నరసాపురం ఎక్కడ లెక్క కట్టినా ఉత్తరం నుంచి 283, 284 డిగ్రీలు వస్తుంది. అంటే పడమర నుంచి ఉత్తరానికి 13, 14 డిగ్రీలు వాలుగా. చిన్నదే అనిపిస్తుంది కానీ 30 అడుగుల వెడల్పు హాల్లో వరుస ఒక కొసకూ ఇంకో కొసకూ 7 అడుగుల తేడా వస్తుంది. కొద్దిపాటి తేడా నమాజును చెల్లకుండా చేయదని ఉలమాలు (మత పండితులు) చెబుతారు, ఎంతవరకన్నది మీ ఇమాం గారిని అడగాలి. అయితే ఆ మాట చేతిలో ఉన్న పాత కట్టడానికి. కొత్తగా పునాది తీసేటప్పుడు తప్పుగా పెట్టడానికి కారణం లేదు.

దిక్కు పట్టడానికి కాలమ్ చువ్వలు లేచాక దిక్సూచి పెట్టవద్దు, ఇనుము ముల్లును లాగుతుంది. ఫోన్ యాప్ ఇంకా అన్యాయం. దీనికి సూర్యుడున్నాడు. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు కాబా నడినెత్తిన ఉంటాడు. మన గడియారంలో మే 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 16న 2 గంటల 57 నిమిషాలకు. లీపు సంవత్సరాల్లో ఒక రోజు ముందు కావచ్చు, నిమిషాలు మారవు. ఆ నిమిషాన స్థలంలో నిటారుగా తూకం కట్టిన దారం నీడ గీసుకుంటే, నీడ కొస నుంచి దారం వైపు చూసే దిక్కే ఖిబ్లా. జులైలో మబ్బుంటుంది కాబట్టి మేనెల తేదీ చూసుకోవాలి. ఒకటి రెండు రోజులు ముందు వెనకలైనా అదే నిమిషానికి గీసిన నీడలో తేడా డిగ్రీలో చిన్న ముక్క మాత్రమే.

వీధి వెంట గోడలు, ఖిబ్లా వెంట వరుసలు, రెంటికీ పొసగకపోతే మూలలు త్రికోణాలుగా మిగులుతాయి. 30 × 40 అడుగుల హాల్లో ముందూ వెనకా కలిపి 210 చదరపు అడుగులు. మనిషికి 2 అడుగుల వెడల్పు, వరుసకు 4 అడుగుల లోతు, అంటే 8 చదరపు అడుగుల లెక్కన 26 మంది చోటు పోయినట్టే. స్థలం సెంట్లలో కొనుక్కునే ఊళ్లో ఇది చిన్న నష్టం కాదు. ఆ త్రికోణాల్లో మెట్లు, చెప్పుల అరలు, ఖురాన్ బీరువాలు, మైకు పెట్టె సర్దుకోవాలి. అంటే ప్లాను మొదటి గీత నుంచీ ఆ వాలుతోనే గీయాలి. అచ్చు ప్లానులో ఆ వాలు ఉండదు.

ఢాకాలో బైతుర్ రవూఫ్ మసీదుది సరిగ్గా ఇదే చిక్కు. స్థలానికీ ఖిబ్లాకూ మధ్య 13 డిగ్రీల తేడా. వాస్తుశిల్పి మరీనా తబస్సుమ్ బయట చదరం పెట్టి, దానిలో గుండ్రటి గోడ పెట్టి, ఆ గుండ్రంలో నమాజు హాలును ఖిబ్లాకు తిప్పేశారు. మిగిలిన వంపు సందుల్లోంచి వెలుతురూ గాలీ దింపారు. 2012లో పూర్తయింది, 2016లో ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. అదీ వరదల డెల్టాయే, చుట్టూ అదే ఇరుకు. కట్టడాన్ని ఎత్తు అరుగు మీద లేపారు, సాయంత్రాలు ఆ అరుగు మీద వాడవాళ్లు కూర్చుంటారు. దానికి గుమ్మటమూ లేదు, మినారూ లేదు. మసీదు అంటే అవి ఉండి తీరాలన్న షరతు మొదటి నుంచీ లేదు. మదీనాలో ప్రవక్త కట్టించిన మసీదు పచ్చి ఇటుక గోడలు, ఖర్జూరపు దుంగలు, మట్టల కప్పు. కొబ్బరాకు పాక వేసిన చేతులకు అదెలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. మినార్లు ఉమయ్యద్ పాలకుల కాలంలో చేరాయి. రాజమండ్రి నడివీధిలోని మసీదు శాసనం 1324 నాటిది. ఆ మసీదు దారి అడిగేవాళ్లకు గుమ్మటం ఎత్తు చెప్పి గుర్తు చూపించరు కదా.

గుమ్మటం వద్దని కాదు, వరుసలో దాని చోటు చివర్న. ఇరుకు స్థలంలో కమిటీ డబ్బు ముందు పోవాల్సినవి వేరే ఉన్నాయి. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూఖానా మొదటిది. శుక్రవారం జుమా నమాజుకు 100 మంది చివరి పావుగంటలో వస్తారు. ఒక్కొక్కరికి కూర్చుని లేచేదాకా 2 నిమిషాలనుకుంటే ఒక కుళాయి ఏడుగురికి చాలుతుంది, అంటే 15 కుళాయిలు. సీట్ల మధ్య 30 అంగుళాలు, సీటు ఎత్తు 16 అంగుళాలు. మామూలు కుళాయి నిమిషానికి 8, 10 లీటర్లు వదులుతుంది, చివర నురగ జాలీ బిగిస్తే మూడో వంతుకు తగ్గించవచ్చు. వేసవిలో కాలువలు కట్టేసి, బోరులో ఉప్పునీళ్లొచ్చే ఊళ్లలో ఈ తేడా ట్యాంకర్ల లెక్కలో కనపడుతుంది. ఆ నీళ్లలో సబ్బుండదు కాబట్టి ఇసుక తొట్టి దాటించి మరుగుదొడ్ల ఫ్లష్‌కు పంపొచ్చు. ఇంకుడు గుంత మాత్రం ఇక్కడ వానాకాలంలో పనిచేయదు, నేల నిండుగా ఉన్నప్పుడు నీళ్లు లోపలికి ఎక్కడికి పోతాయి? ఇంకొకటి, రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయే మన పద్ధతికి పదేళ్లలో వీధి అడుగు లేస్తుంది. అప్పుడు వజూ కాలువ వీధి డ్రైనులోకి పారదు, వెనక్కి పారుతుంది. హాలు అరుగూ, వజూఖానా నేలా ఇప్పుడే రోడ్డుకు 3 అడుగులు పైన పెట్టుకోవాలి.

రెండోది మెట్లు. పై అంతస్తులో 150 మంది ఒకేసారి లేచి దిగుతారు. 3 అడుగుల మెట్లు, అడుగున చెప్పుల గుట్ట ఉంటే తోపులాట తప్పదు. 5 అడుగుల మెట్లు రెండు వైపులా ఉండాలి, చెప్పుల అరలు మెట్ల దారిలో ఉండకూడదు. ఆ మెట్ల గదినే నలుచదరంగా మూడు మీటర్లు అదనంగా పైకి లేపి, పైన నీళ్ల ట్యాంకు, దాని మీద హారన్లు పెడితే వీధి మొదటి నుంచి కనిపించే మినారు అదే అవుతుంది. కాలమ్‌లు ఎలాగూ పునాది నుంచి వస్తాయి కాబట్టి విడిగా గాలి భయమూ లేదు, కుంగే భయమూ లేదు. సెట్టులోని నాలుగు ఫైబర్ మినార్లకు బదులు ఈ ఒక్కటి చాలు.

మెహరాబ్‌ను గోడలో 4 అడుగుల లోతు గూడుగా బయటికి తీస్తే ఇమాం అందులో నిలబడతారు, హాల్లో పూర్తి వరుస ఒకటి మిగులుతుంది. 30 అడుగుల హాలుకు అది 15 మంది. సెట్‌బ్యాక్ (హద్దు దగ్గర వదలాల్సిన ఖాళీ) చూసుకుని తీయాలి సుమా. పడమర గోడ అసర్ (సాయంత్రపు నమాజు) వేళకు ఎండను పూర్తిగా పుచ్చుకుంటుంది, మొదటి వరుసకు నిప్పుల సెగే. రెండు వరసల గోడ కట్టి మధ్య 2 అంగుళాల ఖాళీ వదలాలి. గాలికోసం ఉత్తర దక్షిణ గోడల్లో జాలీలు పెట్టాలి. నిజానికి రెడీమేడ్ సరుకులో డబ్బుకు తగ్గ వస్తువు ఈ జాలీలే. గాజునార కలిపిన సిమెంటుతో, జీఆర్‌సీ పేరుతో దొరుకుతాయి. 12 మి.మీ. మందానికి చదరపు మీటరుకు 24 కిలోలు. వాడిన గాజునార క్షారాన్ని తట్టుకునే రకమేనని రాయించుకోవాలి. మామూలు ఫైబర్ చాప నార వేస్తే సిమెంటు దాన్ని లోపల్లోపలే తినేసి కొన్నేళ్లకు జాలీ పెళుసెక్కి రాలుతుంది.

సెట్టు కొనడానికే నిశ్చయమైతే ఆర్డరు కాగితంలో రాయించాల్సినవి ఇవి. ఒక్కో ముక్క బరువు, రెజిన్ రకం, పొరల సంఖ్య, చట్రానికి జింకు పూత మైక్రాన్లు, బోల్టుల గ్రేడు, గాలి లెక్క కాగితం, క్రేను ఖర్చు ఎవరిది, సందులోకి లారీ రాకపోతే మోత ఎవరిది. కాలువ గట్టు రోడ్ల మీది చిన్న వంతెనలు పెద్ద క్రేన్లను దాటనివ్వవు. అందుకని తొనల్ని తాళ్లతో లాగేలా పరంజా ముందే వేయించుకుంటే మేలు. చివరి వాయిదా డబ్బు ఒక వానాకాలం గడిచి, చుక్క కారలేదని చూశాకే ఇవ్వండి. వారంటీ కాగితంలో రంగు వెలవడం గురించి ఉందో లేదో చదవండి. చాలావాటిలో పగులుకే ఉంటుంది.

తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి కాబట్టి ఏటా సెప్టెంబరులో ఎవరో ఒకరు పైకెక్కి ప్రతి బోల్టూ స్పానరుతో తిప్పి చూడాలి, సీలెంటు విచ్చిన చోట గీరి మళ్లీ పట్టించాలి. టచప్ కోసమని కొందరు సప్లయర్లు మిగిలిన జెల్‌కోట్ డబ్బా ఇచ్చి వెళ్తారు. అది ఆరు నెలలకే గడ్డకడుతుంది. డబ్బా దాచుకోకండి, రంగు నంబరు రాసిపెట్టుకోండి.